సియోల్‌లో సర్వీసుకి బిల్లు వెయ్యరు: కొరియన్‌లో ఇంగ్లిషు మాటల కొత్త అర్థాలు

సియోల్‌లో మాంసం కాల్చుకుని తినే హోటల్లో నలుగురు స్నేహితులు కూర్చున్నారనుకోండి. వాళ్లు అడగని మట్టిగిన్నె ఒకటి బల్ల మీదికి వస్తుంది. అందులో అంచు దాటి పొంగిన గుడ్డు వంటకం, గ్యేరన్‌జ్జిమ్. తెచ్చిపెట్టిన ఆవిడ "సొబిసుయెయో" అనేసి పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోతుంది. "సర్వీసండీ" అన్నదన్నమాట. మన చెవికైతే బిల్లులో ఐదో పదో శాతం కలుపుతారేమో అన్న అనుమానం వస్తుంది. కొరియన్ వాళ్లకి వినిపించేది దానికి సరిగ్గా వ్యతిరేకం: ఇది మా తరఫున, దీనికి డబ్బులు లేవు.

నోరెబంగ్ అనే పాటల గదుల్లోనూ ఇదే మాట. గంటకింత అని కట్టి పాడుకుంటూ ఉంటే, టైమ్ అయిపోవచ్చేసరికి తెర మీద మిగిలిన నిమిషాల అంకె ఉన్నట్టుండి పెరుగుతుంది. కౌంటర్ దగ్గర కూర్చున్న యజమాని పదో ఇరవయ్యో నిమిషాలు కలిపాడు. అదీ సర్వీసే. క్రీములు, పౌడర్లు అమ్మే షాపులో కొన్న వాటితో పాటు సంచిలో వేసే చిన్న చిన్న ప్యాకెట్లూ సర్వీసే. రోజూ వచ్చే మనిషి "ఇవాళ సర్వీస్ ఏమీ లేదా?" అని చనువుగా అడగొచ్చు కూడా, ఎవరూ తప్పు పట్టరు.

దీనికి మన దగ్గర చక్కటి మాట ఉంది, కొసరు. కొరియన్‌లోనూ ఉంది, దొమ్. బజార్లో కూరగాయలమ్మే ఆమె తూకం అయ్యాక ఇంకో గుప్పెడు వేస్తే అది దొమ్. మరి సొంత మాట ఉండగా ఇంగ్లిషు మాట ఎందుకు పట్టుకొచ్చుకున్నారు? నాకు అర్థమైనంత వరకు, దొమ్ అంటే కొన్న సరుకులోనే మరికొంత. మిరపకాయలు కొంటే నాలుగు మిరపకాయలు ఎక్కువ. హోటల్ వాళ్లు పెట్టేది అలా కాదు. తిన్నది మాంసం, కొసరుగా వచ్చింది గుడ్డు. అందులో సరుకు కన్నా మర్యాద పాలు ఎక్కువ. ఆ చిన్న తేడాకి పాత మాట సరిపోలేదు, బయటి నుంచి వచ్చిన మాట అక్కడ కుదురుకుంది.

ఇలాంటి మాటలు కొరియన్‌లో వందల కొద్దీ ఉన్నాయి. వీటన్నిటికీ కలిపి కోంగ్లిష్ అని పేరు పెట్టారు. ఆ పేరులోనే కాస్త చిన్నచూపు ఉంది, ఇంగ్లిషు రాక తప్పుగా మాట్లాడేది అన్నట్టు. కొరియాలోని ఇంగ్లిషు ట్యూషన్లలో "ఇవి వాడకండి" అని జాబితాలు ఇస్తుంటారు. కొరియన్ డ్రామాలు చూసే మనవాళ్లు కూడా "ధైర్యం చెప్పడానికి ఫైటింగ్ అంటారేంటి, ఎవరితో గొడవ?" అని నవ్వుకుంటారు. ఆ నవ్వు న్యాయం కాదనిపిస్తుంది నాకు. హోటల్ అంటే ఇడ్లీ, దోసె దొరికే చోటు అనీ, కరెంటు అంటే విద్యుత్తు అనీ, మిషన్ కుడుతోంది అంటే బట్టలు కుడుతోంది అనీ మనం రోజూ అంటాం. అప్పుడు మనం మాట్లాడేది తప్పు ఇంగ్లిషు కాదు, తెలుగు. సొబిసు కూడా అంతే, అది కొరియన్ మాట. దాని అర్థం మారడానికి ఎవరి అజ్ఞానమూ కారణం కాదు. కారణాలు వేరే ఉన్నాయి, వెతికితే స్పష్టంగానే దొరుకుతాయి.

దారిలో జపాన్

మొదటి కారణం చరిత్రలో ఉంది. 1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ పాలనలో ఉంది. స్కూళ్లు, ఆఫీసులు, ఫ్యాక్టరీలు, మోటారు బండ్లు, కుట్టు మిషన్లు చాలావరకు జపనీస్ వాళ్ల చేతుల మీదుగా వచ్చాయి. వాటి పేర్లూ అలాగే వచ్చాయి. అంటే కొరియన్ వాళ్లు ఇంగ్లిషు మాటని ఇంగ్లిషు వాళ్ల నోట వినలేదు. అప్పటికే జపాన్‌లో నలిగి, అక్కడి అర్థం తెచ్చుకున్న మాటని విన్నారు.

పరీక్షలో కాపీ కొట్టడాన్ని కొరియన్‌లో కన్నింగ్ అంటారు. ఇంగ్లిషులో అది మనిషి జిత్తులమారితనాన్ని చెప్పే మాట, పరీక్షతో సంబంధం లేదు. జపాన్ విద్యార్థులు దాన్ని చీటీలు పెట్టి రాయడానికి వాడుకున్నారు, కొరియన్ పిల్లలకి అదే అర్థంతో అందింది. తల్లీబిడ్డలు హత్తుకోవడం, జంటలు చేతులు పట్టుకోవడం లాంటి వాటికి స్కిన్‌షిప్ అనే మాట కూడా జపాన్‌లో తయారైందే. సర్వీస్‌కి ఉచితం అనే అర్థమూ జపనీస్‌లో ఉంది. కుట్టు మిషన్‌ని కొరియన్‌లో మిషింగ్ అంటారు. మెషీన్ అనే మాట జపాన్‌లో మిషిన్ అయి, ప్రపంచంలో అన్ని యంత్రాలుండగా కుట్టు యంత్రానికి మాత్రమే అతుక్కుంది. మన ఊళ్లలో "మిషన్ నేర్చుకుంటోంది" అన్నా అదే యంత్రం. మనకీ వాళ్లకీ రాకపోకలు లేకుండానే ఒకే మాట ఒకే చోటికి చేరింది. ఇంట్లోకి వచ్చిన మొదటి యంత్రం ఏదో, ఆ పేరు దానికే దక్కింది.

కార్ల విషయానికొస్తే, స్టీరింగ్‌ని హేండుల్ అంటారు, వెనక వచ్చే బండ్లు చూసే అద్దాన్ని బ్యాక్‌మిరర్ అంటారు, హారన్ క్లాక్సన్. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019లో కార్ల తయారీ మొదలైంది కాబట్టి ఈ మాటలు తెలుగు నేలకి మరీ దూరం కాదు. హ్యాండిల్ అంటే మనకి సైకిల్‌దో బైక్‌దో గుర్తొస్తుంది. కొరియన్ డ్రైవర్ "హేండుల్ తిప్పు" అంటే నాలుగు చక్రాల బండి సంగతి.

జపాన్ దారిన వచ్చిన వాటిలో నాకు బాగా ఇష్టమైనది ఒరాయి. ఆల్ రైట్ అన్నదాని అవశేషం. 1960లు, 70లలో సియోల్ సిటీ బస్సుల్లో కండక్టర్లుగా ఎక్కువగా చిన్న వయసు అమ్మాయిలే ఉండేవాళ్లు. జనాన్ని లోపలికి తోసి, బస్సు పక్కన చేత్తో చరిచి "ఒరా...యి" అని అరిస్తే డ్రైవర్ బండి కదిలించేవాడు. మన ఆర్టీసీ కండక్టర్ల "రైట్... రైట్" గుర్తు రావట్లేదూ? బండి వెనక్కి తీయించేటప్పుడు "పక్కు, ఒరాయి" అంటారు. ఆ పక్కు బ్యాక్ అనే మాటే.

టెన్షన్ సంగతి చెప్పకుండా ముందుకెళ్తే తెలుగువాళ్లకి అన్యాయం చేసినట్టే. మనకి టెన్షన్ అంటే దిగులు, కంగారు. రిజల్ట్స్ ముందు రోజు పడేది టెన్షన్. కొరియన్‌లో, అంతకుముందు జపనీస్‌లో, టెన్షన్ అంటే హుషారు. "ఇవాళ నీ టెన్షన్ బాగా ఎక్కువగా ఉందే" అంటే "మంచి జోరు మీదున్నావే" అని మెచ్చుకోవడం. టీవీ షోలలో గెంతులేసే ఆర్టిస్టుని హై టెన్షన్ మనిషి అంటారు. ఇంగ్లిషులో ఆ మాటకి మూలార్థం తాడు బిగుసుకోవడం. బిగువు పెరిగితే మనిషికి ఏమవుతుంది? మనం భయం అనుకున్నాం, వాళ్లు ఉత్సాహం అనుకున్నారు. రెండింట్లోనూ తర్కం ఉంది. తెలుగు సబ్‌టైటిల్ రాసేవాళ్లు ఈ మాటని విన్నది విన్నట్టు దించేస్తే మాత్రం సీను మొత్తం తలకిందులవుతుంది.

ఒకే మాట రెండుసార్లు

1945 తర్వాత దక్షిణాన అమెరికా సైనిక పాలన మూడేళ్లు నడిచింది. 1950 నుంచి 53 దాకా యుద్ధం, ఆ తర్వాత కూడా అమెరికన్ దళాలు అక్కడే ఉన్నాయి. బడిలో ఇంగ్లిషు, రేడియోలో ఇంగ్లిషు. ఇప్పుడు మాటలు నేరుగా రావడం మొదలైంది. దాంతో విచిత్రం జరిగింది. జపాన్ మీదుగా అదివరకే వచ్చేసిన మాట మళ్లీ కొత్త ఉచ్చారణతో ఇంకోసారి వచ్చింది. పాతది వెళ్లిపోలేదు, ఇద్దరూ పని పంచుకున్నారు.

ట్రైనింగ్ చూడండి. ఆఫీసులోనో జిమ్‌లోనో ఇచ్చే శిక్షణ అయితే టురెయినింగ్. ఇంట్లో వేసుకుని తిరిగే ట్రాక్‌ప్యాంటు, జాకెట్టు అయితే చురినింగ్. నిరుద్యోగి కుర్రాడు మోకాళ్ల దగ్గర సాగిపోయిన బట్టలతో కిందికి దిగి నూడుల్స్ కొనుక్కునే సీన్ ఎన్ని డ్రామాల్లో చూసుంటారో, ఆ బట్టలే చురినింగ్. రెండూ ఒకే ఇంగ్లిషు మాట అని చాలామంది కొరియన్లకి తట్టను కూడా తట్టదు. పరుగు అనే అర్థమున్న రన్నింగ్ కూడా పాత దారిలో నన్నింగు అయి, బనియన్ మీద స్థిరపడింది. రన్నింగ్ షర్టులో షర్టు ఊడిపోయి రన్నింగ్ మిగిలింది.

ఇలా నోటి మాటగా వచ్చిన పాతవాటిని చెవితోనే గుర్తుపట్టొచ్చు. వాటిలో హల్లులు గట్టిగా, బిగబట్టి పలికేవి ఉంటాయి. పంచర్ పంకు అయింది. పుస్తకం దారిన వచ్చిన కొత్తవి మెత్తగా, అక్షరం అక్షరం విడదీసినట్టు ఉంటాయి. పలుకుబడి, వెనకాల పెద్దల అండ అనే అర్థంలో కొరియన్లు వాడే ప్పెక్ అనే మాట కూడా గట్టి జాతిదే. "వాడికి ప్పెక్ ఉంది, ఉద్యోగం వచ్చేస్తుంది" అంటారు. అది బ్యాక్‌గ్రౌండ్‌లో మొదటి ముక్క. "ఏ బ్యాక్‌గ్రౌండూ లేకుండా ఇండస్ట్రీకి వచ్చాడు" అని మనం అనే బ్యాక్‌గ్రౌండే.

ఖాళీగా ఉన్న గదిలోనే చోటు

అన్నిటికన్నా ముఖ్యమైన కారణం ఇదని నా నమ్మకం. బయటి మాట వచ్చేసరికి భాష అనే ఇంట్లో అందరూ సర్దుకుని ఉంటారు. కొరియన్‌లో అచ్చ కొరియన్ మాటలు ఒక వరస, చైనా అక్షరాల నుంచి వచ్చినవి ఇంకో వరస, మనకి తెలుగు, సంస్కృతం ఉన్నట్టు. చాలా విషయాలకి ఇప్పటికే రెండేసి పేర్లున్నాయి. మూడో పేరుకి మిగిలేది ఎవరూ లేని చిన్న గది మాత్రమే.

కోడిని కొరియన్‌లో దక్ అంటారు. పెరట్లో తిరిగేదీ దక్కే, పులుసు పెట్టుకునేదీ దక్కే. చికిన్ అంటే మాత్రం నూనెలో వేయించిన కోడి ముక్కలు. ఆ ఒక్కటే. పచ్చి మాంసాన్ని చికిన్ అనరు. వేయించిన ముక్కలు, బీరు కలిపితే చిమెక్. బీరుకి మెక్జు అని పేరు, అందులో మొదటి ముక్క తీసుకున్నారు. అలాగే హౌస్ అనే మాట. సొంత ఇంటిని ఏ కొరియనూ హౌస్ అనడు, దానికి జిప్ ఉంది. హౌస్ అంటే ప్లాస్టిక్ పట్టాలు కప్పిన పంట షెడ్డు, పాలీహౌస్. చలికాలంలో అమ్మే స్ట్రాబెర్రీలు హౌస్ స్ట్రాబెర్రీలు. హెల్త్ అంటే ఆరోగ్యం కాదు, దానికి గొంగంగ్ అనే మాట ఎప్పటి నుంచో ఉంది. "హెల్సు చేస్తున్నాను" అంటే జిమ్‌కి వెళ్లి బరువులు ఎత్తుతున్నాను అని.

మీటింగ్ కథ ఇంకా బావుంటుంది. పనికి సంబంధించిన సమావేశానికి హ్వెయి అని మాటుంది. కాబట్టి ఒక కాలంలో కాలేజీ పిల్లల చేతిలో మీటింగ్ వేరే పనికి దిగింది. ముగ్గురో నలుగురో అబ్బాయిలు, అంతే మంది అమ్మాయిలు, అంతకుముందు పరిచయం లేనివాళ్లు, టీ కొట్లో ఎదురెదురుగా కూర్చుని పరిచయం చేసుకోవడం మీటింగ్. ఎవరికి ఎవరు జోడీ అని తేల్చడానికి ఒక పద్ధతి ఉండేది. ఒక వైపు వాళ్లు తలా ఒక వస్తువు, పెన్నో రుమాలో లైటరో, బల్ల మీద పెడతారు. రెండో వైపు వాళ్లు తలా ఒకటి ఎంచుకుంటారు. ఎవరి వస్తువు ఎవరి చేతికొస్తే వాళ్లు ఆ సాయంత్రానికి జంట.

కొరియాలో అంతకుముందు పెళ్లిచూపులు ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. సొన్ అంటారు. పెద్దవాళ్లు కుదిర్చి, పెళ్లి ఉద్దేశంతో కూర్చోబెట్టేది. పెళ్లి మాట ఎత్తకుండా, పెద్దలు లేకుండా, వయసు పిల్లలు మర్యాదగా కలుసుకునే ఏర్పాటుకి మాత్రం పాత భాషలో పేరు లేదు, ఎందుకంటే అలాంటి పనే లేదు. కొత్త పని వచ్చింది, దానికి కొత్త మాట కావలసి వచ్చింది. ఇంగ్లిషు మాటకి ఉన్న ఇంకో సుఖం ఏమిటంటే, దానికి బంధుత్వాల బరువు ఉండదు. పెద్దల చెవిన పడ్డా అది సొన్ అంత గంభీరంగా వినిపించదు.

అక్కడితో ఆగలేదు. మీటింగ్‌లోంచి టింగ్ విడిపోయింది. ఇంగ్లిషులో టింగ్‌కి ఏ అర్థమూ లేదు, కొరియన్‌లో వచ్చింది. స్నేహితులు ఒకబ్బాయిని ఒకమ్మాయిని పరిచయం చేస్తే సోగెటింగ్. సోగె అంటే పరిచయం. ఫోన్లో మాత్రమే మాట్లాడుకునే పరిచయాలు పోన్‌టింగ్. రెండు డిపార్ట్‌మెంట్ల వాళ్లు కలిస్తే గ్వాటింగ్. ఇప్పుడు ఆఫీసుల్లో అసలు అర్థంతోనూ మీటింగ్ వాడుతున్నారు. "రేపు మీటింగ్ ఉంది" అని యూనివర్సిటీ కుర్రాడన్నా, కంపెనీ మేనేజరన్నా ఒకే మాట. చెప్పింది ఎవరో తెలిస్తేనే అర్థం తేలుతుంది.

ఇలా మాటని విరిచి ముక్కని విత్తనంలా వాడుకోవడం కొరియన్‌కి బాగా అలవాటు. మెంటల్ నుంచి మెన్, కూలిపోవడం అనే అర్థమున్న బుంగ్‌గ్వే నుంచి బుంగ్ తీసుకుని మెన్‌బుంగ్. బుర్ర పనిచెయ్యకుండా పోయే స్థితి అన్నమాట. ఇంటర్నెట్‌లో రిప్లై రిప్పుల్ అయింది, అందులో పుల్ తీసి చెడు అనే అక్ ముందు చేరిస్తే అక్పుల్, ద్వేషంతో పెట్టే కామెంటు. ఎవరూ స్పందించకపోతే ముపుల్. ఇంగ్లిషు పదం చివర హద చేరిస్తే క్రియ తయారు. మన చేయు లాంటిదే. ఓవర్‌హద అంటే అతి చేయడం. "ఓవర్ చెయ్యకు" అని మనవాళ్లు అనేదాన్ని కొరియన్‌లోకి మార్చడానికి ఓవర్‌ని ముట్టుకోనక్కర్లేదు.

విల్లా చిన్నది, అపార్ట్‌మెంటు పెద్దది

హైదరాబాద్‌లో "విల్లా కొన్నారు" అంటే వినేవాళ్ల కళ్లు పెద్దవవుతాయి. గేటెడ్ కమ్యూనిటీ, సొంత గేటు, కోట్లలో ధర. సియోల్‌లో "బిల్లాలో ఉంటున్నాం" అంటే అలాంటిదేమీ జరగదు. బిల్లా అంటే నాలుగంతస్తులు మించని చిన్న భవనం, ఒక్కో అంతస్తులో రెండు మూడు ఇళ్లు, ఇరుకు సందు, లిఫ్టు ఉంటే ఉంది లేకపోతే లేదు. ఖరీదైనది, అందరూ కోరుకునేది అపాటు, అంటే అపార్ట్‌మెంటు. అక్కడి చట్టం ప్రకారం అయిదంతస్తులూ ఆ పైన ఉన్న నివాస భవనమే అపాటు. సెక్యూరిటీ, పార్కింగ్, పిల్లల ఆటస్థలం, దగ్గర్లో మంచి బడి, అమ్మితే వెంటనే కొనేవాళ్లు. ఇవాళ దేశంలో సగానికి పైగా కుటుంబాలు అపాటుల్లోనే ఉన్నాయి.

ఇలా తలకిందులైంది ఎందుకు? 1960ల్లో సియోల్‌లోని మాపోలో అపార్ట్‌మెంటు కాలనీ కట్టినప్పుడు జనం సందేహించారు. నేల మీద ఇల్లు కాకుండా గాల్లో ఉండటమేమిటి అని. 1970ల్లో ప్రభుత్వం, పెద్ద కంపెనీలు కలిసి హాన్ నదికి దక్షిణాన గంగ్నమ్‌లో వరసలు వరసలుగా ఎత్తైన భవనాలు లేపాయి. పైపుల్లో వేడి నీళ్లు, ఆధునిక వంటగది వాటితోనే వచ్చాయి. మధ్యతరగతి అంటే అపాటు అన్న భావం స్థిరపడింది. ఆ పేరుకి వైభవం ఇంగ్లిషు నుంచి రాలేదు, కాంక్రీటు నుంచి వచ్చింది. చిన్న భవనాలు కట్టేవాళ్లు, తమది తక్కువగా వినిపించకూడదని, విలాసంగా ఉండే విల్లా అనే పేరు పెట్టుకున్నారు. ఆ పేరు భవనాల స్థాయిని పెంచలేదు, భవనాలే ఆ పేరుని దించేశాయి. మాట ఎంత గొప్పదైనా అది అతుక్కున్న వస్తువు విలువే దానికి వస్తుంది అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఆఫీసు, హోటల్ కలిపి ఒపిసుటెల్ చేశారు. ఆఫీసుగానూ, ఒంటరి ఉద్యోగులు ఉండటానికీ పనికొచ్చే చిన్న గదుల భవనం. అందులోంచి టెల్ విడిపోయి గోషిటెల్ వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకి చదివేవాళ్ల కోసం మొదలైన గదులవి, మంచం, బల్ల పెడితే నిండిపోతాయి. హోటల్ అనే మాటలో ఉన్న సౌఖ్యం ఏదీ ఆ టెల్‌లో లేదు.

కొత్తగా కట్టే అపాటుల పేర్లు మళ్లీ ఇంకో కథ. కంపెనీ బ్రాండు, పక్కనే క్యాజిల్, సెంట్రల్, రివర్‌వ్యూ, ఫ్రెంచి నుంచి ఫోరే, ఇలా కలుపుకుంటూ పోతారు. అత్తగారు అడ్రస్ చెప్పలేక, వెతుక్కుంటూ రాలేకపోవాలని కోడళ్లు అలాంటి పేర్లున్న చోటే ఇల్లు కొంటారు అని కొరియాలో ఒక జోకు ప్రచారంలో ఉంది. జోకు అటుంచితే, పెద్దవాళ్లు తమ పిల్లల ఇంటి పేరు టాక్సీ డ్రైవర్‌కి చెప్పలేకపోవడం నిజంగా బాధ కలిగించే విషయం. పేర్లు చిన్నవిగా, తేలిగ్గా పెట్టమని సియోల్ నగర పాలకులు 2024లో మార్గదర్శకాలు ఇచ్చారు.

దెబ్బ తగిలిన మాటలు

కొన్ని మాటలకి అర్థం ఒక్క సంఘటనతో మారిపోతుంది. ఐఎంఎఫ్, అంటే దేశాలకి అప్పులిచ్చే అంతర్జాతీయ ద్రవ్యనిధి, మనకి వాషింగ్టన్‌లో ఉన్న ఒక సంస్థ. కొరియన్‌లో అది ఒక కాలం పేరు. 1997 చివర్లో విదేశీ మారకం నిల్వలు అడుగంటిపోయి, డిసెంబరు 3న ప్రభుత్వం ఐఎంఎఫ్‌తో అప్పు ఒప్పందం మీద సంతకం చేసింది. పెద్ద కంపెనీలు కూలాయి, జీవితాంతం ఉంటుందనుకున్న ఉద్యోగాలు పోయాయి. మరుసటి ఏడాది జనం పెళ్లి ఉంగరాలు, పిల్లల మొదటి పుట్టినరోజుకి పెట్టిన ఉంగరాలు తెచ్చి దాదాపు 227 టన్నుల బంగారం పోగుచేశారు. అప్పు 2001 ఆగస్టుకల్లా తీరిపోయింది, మాట మాత్రం మిగిలింది. "ఐఎంఎఫ్ అప్పుడు నాన్న షాపు మూసేశారు", "ఐఎంఎఫ్ వచ్చాక ఊరు మారాం" అంటారు. అప్పు ఇచ్చిన సంస్థ పేరు ఆ కష్టకాలానికే పేరైంది. ఈ వాక్యాల్లో దాన్ని ద్రవ్యనిధి అని అనువదిస్తే ఏమీ మిగలదు.

ఆ తర్వాత తరానికి వచ్చిన మాట సుపెక్. స్పెసిఫికేషన్‌లో ముక్క. కంప్యూటర్ కొనేటప్పుడు మెమరీ ఎంత, ప్రాసెసర్ ఏది అని చూసే స్పెక్. 2000ల నుంచి అది ఉద్యోగాలకి ప్రయత్నించే కుర్రాళ్ల అర్హతలకి పేరైంది: చదివిన యూనివర్సిటీ, మార్కులు, టోయిక్ అనే ఇంగ్లిషు పరీక్షలో స్కోరు, ఇంటర్న్‌షిప్, విదేశాల్లో చదివిన ఏడాది. "సుపెక్ పోగేసుకోవాలి" అనేది అక్కడి డిగ్రీ విద్యార్థి రోజూ వినే మాట. మనిషిని వస్తువులా కొలిచే ఈ మాటని వాళ్లకి ఎవరూ బయటి నుంచి అంటగట్టలేదు, ఆ పోటీలో నలిగినవాళ్లే వాడుకలోకి తెచ్చుకున్నారు. అందుకే అది అంత సూటిగా తగులుతుంది.

ఇక ఫైటింగ్. కొరియన్‌లో ఫ శబ్దం లేదు. కొందరు పైటింగ్ అంటారు, కొందరు హ్వైటింగ్ అంటారు. 1986లో ప్రకటించిన పరభాషా పదాల లిపి నియమాల ప్రకారం ఎఫ్‌కి ప రాయాలి, కాబట్టి నిఘంటువులో ఉన్నది పైటింగ్. వీధిలో ఎక్కువ వినపడేది హ్వైటింగ్. ఆటగాళ్లు పోటీకి ముందు అరిచే కేకగా మొదలై, ఆటస్థలం దాటి ఇంట్లోకి వచ్చేసింది. నవంబరులో యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రాయబోయే పిల్లకి అమ్మ చెప్పేది అదే, ఆపరేషన్‌కి వెళ్లే స్నేహితుడికి చెప్పేది అదే, సోమవారం పొద్దున ఆఫీసుకి బయల్దేరుతూ అద్దంలో తనకి తాను చెప్పుకునేదీ అదే. మనం సందర్భాన్ని బట్టి "ఆల్ ది బెస్ట్", "ధైర్యంగా ఉండు", "కానివ్వు" అని మూడు రకాలుగా అనేది వాళ్లకి ఒక్క మాటలో అయిపోతుంది. యుద్ధం వాసన అందులో ఏమీ మిగల్లేదు.

భాషని శుభ్రం చెయ్యాలనే ప్రయత్నాలూ బలంగానే జరిగాయి. విముక్తి తర్వాత మొదటి గురి జపనీస్ మాటలు. ఆ దారిన వచ్చిన ఇంగ్లిషు మాటలకి రెండింతల నింద పడింది, ఇంగ్లిషు కూడా సరైనది కాదు, పైగా వలస పాలకుల ముద్ర. ఇప్పుడు జాతీయ కొరియన్ భాషా సంస్థ ప్రత్యామ్నాయాలు సూచిస్తూ ఉంటుంది. కొన్ని నిలబడ్డాయి. రిప్పుల్ బదులు దెత్‌గుల్ పూర్తిగా గెలిచింది, ఇవాళ కామెంటుకి అందరూ వాడేది అదే. కానీ అక్పుల్‌లోని పుల్ కదల్లేదు. విడి మాటని మార్చగలిగారు, అతుక్కుపోయిన ముక్కని మార్చలేకపోయారు. నెటిజన్‌కి బదులుగా వచ్చిన నురిక్కున్ పత్రికల్లో కనిపిస్తుంది, కబుర్లలో అంతగా వినిపించదు. ఫైటింగ్ బదులు వాడమన్న ఆజా చివరికి దానికి తోడైంది: "ఆజా ఆజా హ్వైటింగ్" అని రెండూ కలిపి అరుస్తారు.

ఉత్తర కొరియాలో కథ వేరు. అక్కడ భాషని ప్రభుత్వమే దిద్దుతుంది. దక్షిణాది యాస, దక్షిణాది మాటలు వాడితే కఠినంగా శిక్షించే చట్టం 2023 జనవరిలో చేశారు. అక్కడి నుంచి తప్పించుకుని సియోల్ చేరినవాళ్లు మొదట తడబడేది తరచుగా ఈ మాటల దగ్గరే. వ్యాకరణం అదే, ఇంటి మాటలు అవే. కానీ షాపు బోర్డు, ఉద్యోగ ప్రకటన, సబ్‌వే ప్రకటన నిండా ఇంగ్లిషు రూపంలో ఉన్న కొరియన్. ఇంగ్లిషు నేర్చుకున్నా ఈ చిక్కు పూర్తిగా తీరదు, ఎందుకంటే సుపెక్, మీటింగ్, సొబిసు ఏ ఇంగ్లిషు పాఠంలోనూ ఈ అర్థాలతో ఉండవు. సొంత భాషలో మాట్లాడుతూనే పరాయివాళ్లమయ్యామన్న ఆ బాధని కోంగ్లిష్ మీద వేసే జోకులు లెక్కలోకి తీసుకోవు.

ఈ మాటలు ఇప్పుడు కొరియా దాటి తిరుగు ప్రయాణం కూడా చేస్తున్నాయి. 2021 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ కొరియాకి సంబంధించిన 26 మాటల్ని ఒకేసారి చేర్చుకుంది. కింబాప్, హాన్‌బోక్, ఒప్పా లాంటి అచ్చ కొరియన్ మాటలతో పాటు అందులో చిమెక్, స్కిన్‌షిప్, ఫైటింగ్ ఉన్నాయి. కోంగ్లిష్ అనే పేరు కూడా ఉంది. ఇంగ్లిషు ట్యూషన్లో "ఇలా అనకూడదు" అని కొట్టేసిన ఫైటింగ్‌ని, ధైర్యం చెప్పే కేకగా, ఇంగ్లిషు నిఘంటువే తన పేజీల్లో రాసుకుంది.